మెట్ల కింది బీరువాలో ఎరుక

నేను ముప్ఫై మూడేళ్ళు కార్డులు రాశాను. రాతప్రతుల కార్యాలయంలో ఉద్యోగం అంటే జనం ఏదేదో ఊహించుకుంటారు. మేం చేసిందల్లా ఇంటింటికీ వెళ్ళి అటకల మీదా దేవుడి గూళ్ళలోనూ ఉన్న తాటాకు కట్టలు, చేతిరాత పుస్తకాలు అడిగి తేవడం, దుమ్ము దులపడం, ఆకులకు నిమ్మగడ్డి నూనె రాయడం, చదవడం, ఒక్కోదానికి ఒక కార్డు రాసి బీరువాలో పెట్టడం.

పోయిన నెల ఇదే ఉద్యోగంలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి నాకు ఫోన్ చేసింది. ఇప్పుడు కార్డులు లేవు, అంతా కంప్యూటరే. పుస్తకం ఫొటో తీయగానే తెర మీద 'విషయం' అని ఒక గడి వస్తుందట. దాని కింద పేర్ల వరస ఉంటుందట. ఏదో ఒకటి ఎంచుకుంటే గాని ముందుకు పోదట. "తెలియనప్పుడు ఏది ఎంచుకోవాలి సార్?" అని అడిగింది. ఏదో చెప్పి పెట్టేశాను. సరిగ్గా చెప్పాలంటే నా తప్పు ఒకటి మొదటి నుంచీ చెప్పాలి. అది ఫోన్లో అయ్యే పని కాదు, అందుకని రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు ఇందులో ఉండవు. వాటివల్ల నేను నేర్చుకున్నదేమీ లేదు.

ఎవరింటిది?

మాది మంథని. మా తాతగారు వేదం చెప్పేవారు, నాన్న బడిపంతులు. ఉపనిషత్తుల పేర్లు నాకు ఎక్కాలకంటే ముందు వచ్చాయి. ఉద్యోగం పట్నంలో దొరికినప్పుడు ఇంట్లో అందరూ ఇది మన పనే అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

కార్యాలయంలో మొదటి గది ముందు గది. అద్దాల బీరువాలు. వేదం, వేదాంతం, శాస్త్రాలు, కావ్యాలు. పెద్దవాళ్ళు ఎవరైనా చూడ్డానికి వస్తే అక్కడిదాకానే తీసుకెళ్ళేవాళ్ళం. వెనక వరండాలో, మెట్ల కింద, ఒక ఇనుప బీరువా ఉండేది. దాని మీద 'జానపదం' అని రాసి ఉండేది. సోది, తాయెత్తులు, తేలు మంత్రాలు, పాటలు, ఇంటి వైద్యం అన్నీ అందులోకే. వానాకాలం మెట్ల సందులోంచి నీళ్ళు కారేవి. ఆ బీరువా తలుపు తెరిస్తే తడి గుడ్డ వాసన వచ్చేది.

మా సూపరింటెండెంట్ గారు గొప్ప చదువరి. తాటాకు మీద అరిగిపోయిన అక్షరాన్ని వేలితో తడిమి చదివేవారు. చేతిరాతను బట్టి కాలం ఎలా అంచనా వేయాలో నాకు ఓపికగా నేర్పింది ఆయనే. ఆయనకు నేను రుణపడి ఉన్నాను, ఆ మాట ముందే చెప్తున్నాను. కానీ ఏ కట్ట తెచ్చినా, విప్పకముందే ఆయన అడిగే ప్రశ్న ఒకటుండేది. "ఎవరింటిది?"

ఏముంది అందులో అని కాదు. ఎవరింటిది అని.

ఒకసారి మంథని నుంచి పట్టుగుడ్డలో చుట్టిన కట్ట తెచ్చాను. ఇంటిపేరు చెప్పగానే ఆయన "వేదాంతం" అన్నారు. నేను రాశాను, అద్దాల బీరువాలో పెట్టాను. చాలా ఏళ్ళ తర్వాత ఎవరో కావాలని అడిగితే విప్పి చూశాం. అది గొడ్లకు వచ్చే గాలికుంటు రోగానికి చేసే వైద్యం. అన్నాళ్ళూ ఆ పశువైద్యం ఉపనిషత్తుల పక్కన దర్జాగా ఉంది. ఆ రోజు ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. అదే పొరపాటు ఇంకో వైపు కూడా జరిగి ఉంటుందని ఇద్దరికీ తట్టలేదు.

రాజయ్య

మా జీపు నడిపే యాకూబ్‌ది రామగుండం. నన్ను మంథనిలో దింపి తిరిగి వచ్చేటప్పుడు ఇంటికి వెళ్ళి వచ్చేవాడు. ఒకసారి దారిలో అన్నాడు.

"సార్, ఎప్పుడు జూసినా మంథని దిక్కే పోతరు. గోదావరిఖనిల ఒక గురువు ఉన్నడు, రాజయ్య అని. మా చిచ్చాతోని బాయిల పని జేస్తడు. ఆయన తాన పాత కితాబు ఉన్నదట."

ఈ ప్రాంతంలో బొగ్గు గనిని బాయి అంటారు. బొగ్గు బాయిలో పనిచేసేవాడి దగ్గర రాతప్రతి ఏముంటుందిలే అనుకుంటూనే వెళ్ళాను.

మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, కంపెనీ క్వార్టరు ముందు నులక మంచం మీద కూర్చుని ఉన్నాడాయన. యాభై దాటి ఉంటాయి. గనిలో కప్పు కూలకుండా దిమ్మెలు పెట్టే పని. పెట్టేముందు ఇనుప కడ్డీతో కప్పును కొట్టి చప్పుడు వింటాడట. గట్టిగా ఉంటే ఒక చప్పుడు, లోపల ఊడి ఉంటే ఇంకో చప్పుడు. కులం అడగకుండానే చెప్పాడు, మాదిగ అని. ఆయన గురువు పద్మశాలి. ఆ గురువుకు గురువు కుమ్మరి. శిష్యుల్లో గొల్లవాళ్ళున్నారు, ఒక రెడ్డి ఉన్నాడు, బొగ్గు ఎత్తే ఆడవాళ్ళున్నారు. తమది అచలం అన్నాడు.

అచలం పేరు నేను విన్నాను. ఊళ్ళో కూలివాళ్ళు ఏక్‌తారతో పాడుకునే తత్వాలు అని విన్నాను. నేను చదివిన దర్శనాల పుస్తకాల్లో అది లేదు. సంస్కృతంలో భాష్యం లేదు కాబట్టి దర్శనం కాదని మా వాళ్ళు అనేవారు. భాష్యం రాసే చదువు వాళ్ళకు అందకుండా చేసిందెవరో మాత్రం అడిగేవాళ్ళు కాదు. నేనూ అడగలేదు.

"మీ దాంట్ల జ్ఞానం రావాలె అంటరు గద సార్," అన్నాడు రాజయ్య. "మా దాంట్ల ఎరుక పోవాలె అంటం."

"ఎరుక పోతే ఇంకేం మిగులుతుంది?" అన్నాను, పిల్లవాడిని పరీక్షించినట్టు.

"మిగిలింది అని చెప్పేది సుత ఎరుకే గద. అది పోయినంక అడిగేటోడు ఎవడు?" ఆయన తన నెత్తి మీద చెయ్యి పెట్టి చూపించాడు. "బాయిల దిగినంక నెత్తి మీద లైటు ఉంటది సార్. ఎదురుంగ రెండు గజాలు కనబడ్తది. ఆ రెండు గజాలే బాయి అనుకుంటం. ఎటు తిరిగితే అటు గంతే. లైటు బంద్ చేస్తే ఏమైతది? బాయి యాడికి పోదు. మన రెండు గజాలే పోతది. గా లైటే ఎరుక. ఎన్నడు కదలనిది బయలు. దానికి మన ఎరుకతోని పని లేదు."

నేను ఏదో శ్లోకం చెప్పి, ఇది మాలో కూడా ఉంది అన్నట్టు తలాడించాను. నిజానికి లేదు. మా వేదాంతంలో చైతన్యం దగ్గర ఆగుతాం, దాన్నే బ్రహ్మం అంటాం. ఆయన ఆ చైతన్యాన్ని కూడా ఊడిన కప్పును కొట్టి చూసినట్టు కొట్టి చూశాడు. నాకది అప్పుడు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని కూడా అనిపించలేదు.

లోపలి నుంచి ఒక చేతిరాత పుస్తకం తెచ్చాడు. ఊదారంగు సిరా. ఆయన గురువు రాసింది. పైన 'ఎరుక విడుపు' అని ఉంది. గురుబోధ తీసుకోనివాళ్ళకు దాన్ని చూపించడమే లేదట. ఇస్తానంటే గురుభాయిలంతా వద్దన్నారట.

"మరి ఎందుకిస్తున్నారు?" అన్నాను.

ఆయన గుమ్మంలోకి చూశాడు. లోపల ఒక పిల్ల పుస్తకాలు సర్దుకుంటోంది. పేరు సరోజన, ఒక్కతే కూతురు, కాలేజీలో తెలుగు చదువుతోంది.

"కాలేజీల మా అచలం సంగతి ఎత్తితే అందరు నవ్విండ్రట సార్. గది ఫిలాసఫీ కాదు, కూలోళ్ళ పాటలు అన్నరట. గప్పటిసంది నేను గురుపూజ చేస్తుంటే బిడ్డ బయటికి లేసి పోతది. నన్ను ఏమన్న అననీ. మా గురువును తక్కువ జూసుడు నాకు కష్టమైతది." ఆయన పుస్తకం రెండు చేతులతో ఇచ్చాడు. "నాకేం వద్దు. దీన్ని వేదాంతం బీరువాల పెట్టుండ్రి. నా బిడ్డ వచ్చి తన కండ్లతోని చూడాలె. గంతే."

తప్పకుండా పెడతానన్నాను.

అది గురుపూజ రోజు. అందరినీ ఒకే వరసలో కూర్చోబెట్టి ఆకులు వేస్తున్నారు, కుల భేదం లేకుండా. నాకూ ఆకు వేయబోయారు. నేను ఈ రోజు ఉపవాసం అన్నాను. ఆ రోజు ఏకాదశి కాదు, ఏమీ కాదు. పొద్దున మంథనిలో ఇడ్లీలు తిని బయల్దేరాను. "అయ్యో, సారుకు ఒక్కపొద్దట," అని రాజయ్య ఆకు తీయించాడు. నా చేతిలో ఒక అరటిపండు పెట్టాడు. జీపులో యాకూబ్‌కు ఇచ్చేశాను.

రెండు నిమిషాల పని

తిరుగు దారిలో జీపులోనే నాలుగు పేజీలు చదివాను. వత్తులు లేవు, దీర్ఘాలు ఎక్కడ పడితే అక్కడ. బ్రహ్మాన్ని 'బ్రమ్మం' అని రాశాడు. నాకు చిరాకేసి మూసేశాను.

కార్యాలయంలో కార్డు తీసి పేరు రాస్తుంటే సూపరింటెండెంట్ గారు అటుగా వచ్చారు.

"ఎవరింటిది?"

"ఒక గని కార్మికుడిదండీ. గోదావరిఖని."

వంగి పేరు చూశారు. "ఎరుక అంటే సోది కదయ్యా. ఎరుక చెప్పడం. జానపదంలో వెయ్యి."

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. సూపరింటెండెంట్ గారు కోస్తా నుంచి వచ్చినవారు. ఆయనకు ఎరుక అంటే సోది చెప్పే ఎరుకలసాని గుర్తుకు రావడంలో వింత లేదు. నేను మంథని వాణ్ణి. మా వైపు ఎరుక అంటే తెలివిడి. తెలుసు అనడానికి 'ఎరుకే' అంటాం, తెలియదు అనడానికి 'ఎరుక లేదు' అంటాం. మా అమ్మ వంటింట్లో రోజుకు ఇరవైసార్లు ఆ మాట అనేది. నాకా మాట పుట్టుకతో వచ్చింది. పట్నంలో నలుగురు నవ్వుతారని మానేసి, తెలుసు, తెలియదు అనడం పట్టుకున్నాను. ఆ క్షణంలో, "సార్, అది సోది కాదు, మా వైపు ఎరుక అంటే జ్ఞానం," అని ఒక్క వాక్యం అంటే సరిపోయేది. ఆయన వినే మనిషే.

నేను నోరు మెదపలేదు. మా మాట మాట్లాడితే నేనూ మెట్ల కిందివాణ్ణి అవుతానని భయపడ్డాను. 'జానపదం — సోది, ఎరుక చెప్పుట' అని కార్డు మీద రాశాను. చెప్పింది ఆయనే అయినా చేతిరాత నాది.

రెండేళ్ళకు సరోజన వచ్చింది. రామగుండంలో పొద్దున్నే రైలెక్కి, ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. ముందు గదిలో వేదాంతం పట్టిక మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి చూసుకుంది. తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, మా బాపు ఇచ్చిన పుస్తకం వేదాంతంల ఉన్నదన్నడు. లిస్టుల కనబడ్తలేదు."

మెట్ల కింది బీరువా ఇరవై అడుగుల దూరంలో ఉంది. "కొత్త పట్టిక తయారవుతోందమ్మా. మళ్ళీ ఎప్పుడైనా రండి," అన్నాను.

ఆ పిల్ల నా ముఖంలోకి చూసి, సరే సార్ అని వెళ్ళిపోయింది. కార్డు మార్చాలంటే సూపరింటెండెంట్ గారి ఎర్రసిరా సంతకం కావాలి. రెండు నిమిషాల పని. రేపు అడుగుదాం అనుకున్నాను. ఆ రేపు రాలేదు.

ముందు గదికి చేరింది

ఉద్యోగం చివరి రోజుల్లో మంథనిలో మా బంధువుల ఇంట్లోనే ఒక చేతిరాత పుస్తకం దొరికింది. వాళ్ళ పూర్వుల్లో ఒకాయన రహస్యంగా ఎవరో గురువు దగ్గర బోధ తీసుకుని రాసుకున్నాడు. గురువు పేరు రాసుకోలేదు. ఎందుకు రాసుకోలేదో ఊహించుకోవచ్చు. చదువుతూ చదువుతూ మధ్యలో ఆగిపోయాను. చైతన్యం కూడా కల్పితమే, అది లేచినప్పుడే లోకం లేస్తుంది, అది పోతే కదలనిది అలాగే ఉంటుంది. రాజయ్య నులక మంచం మీద చెప్పిందే, అక్షరం పొల్లుపోకుండా. ఎరుక ఉన్నచోటల్లా ఈయన చైతన్యం అని పెట్టుకున్నాడు, అంతే తేడా.

అప్పటి అధికారి చూసి ఎంతో సంతోషపడ్డారు. స్వతంత్రమైన వేదాంత ఆలోచన అన్నారు. అద్దాల బీరువాలో, కంటికి ఎదురుగా ఉండే వరసలో పెట్టించారు.

నేను వెనక వరండాలోకి వెళ్ళాను. మెట్ల కింద బీరువా లేదు. అంతకు ముందు వేసవిలో సున్నాలు వేసేటప్పుడు దాన్ని తీసేశారట. అందులోవి గోనెసంచుల్లో కట్టారట. కొన్ని తడిసి అంటుకుపోయి ఉంటే పారేశారట. నేనప్పుడు సెలవులో ఉన్నాను. ఉన్న సంచులన్నీ విప్పి మూడు వారాలు వెతికాను. తేలు మంత్రాలు దొరికాయి. కార్డు కూడా దొరికింది, పుస్తకం లేదు.

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన మీరు ఎన్నో తప్పులు చేస్తారు. చాలావాటిని సరిచేయవచ్చు. మెట్ల కిందికి పంపినదాన్ని మాత్రం మళ్ళీ ఎవరూ తెరిచి చూడరు, తప్పు జరిగిందని కూడా ఎవరికీ తెలియదు. నేను చూసినంతలో ఒక ఆలోచన ఎంత లోతైనదని ఎవరూ తూచలేదు. అది ఎవరి నోటి నుంచి వచ్చిందో చూసి బీరువా ఎంచుకున్నారు. తర్వాత వచ్చినవాళ్ళు ఆ బీరువాను చూసి, ఇది లోతు లేనిదే అయి ఉంటుంది అనుకున్నారు.

ఒక్కపొద్దు

రిటైరయ్యాక గోదావరిఖనిలో గది అద్దెకు తీసుకున్నాను. మంథనిలో ఇల్లుంది, అన్నదమ్ములున్నారు. వాళ్ళకు ఈ సంగతి చెప్తే, పోనీలేరా, ఒక నోటుబుక్కే కదా అన్నారు. ఆ తర్వాత వాళ్ళతో మాట్లాడ్డానికి నాకు పెద్దగా ఏమీ మిగల్లేదు. నాకు పెళ్ళి లేదు. రాతప్రతులతో ఉన్నన్నాళ్ళు ఒంటరితనం తెలియలేదు, ఇప్పుడు తెలుస్తోంది. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగితే కిటికీ రెక్క అదురుతుంది. కొన్ని రోజులు నన్ను పలకరించేది అదొక్కటే.

నేను వచ్చేసరికి రాజయ్య లేడు. వాళ్ళ పద్ధతిలో కూర్చోబెట్టి సమాధి చేశారు. సరోజన బడిలో తెలుగు చెప్తోంది. తండ్రి చివరి రోజుల్లో ఆయన దగ్గరే బోధ తీసుకుంది. ఇప్పుడు గురుపూజ చేసేది ఆమే. నన్ను గుర్తుపట్టింది, రమ్మంది. ఏడాదిగా వెళ్తున్నాను. వెళ్ళి చివర గోడ పక్కన కూర్చుంటాను. అందరూ సారూ అని పలకరిస్తారు. భోజనాలప్పుడు మాత్రం నా ముందు ఆకు వేయరు. "సారు ఒక్కపొద్దుంటరు," అని ఒక అరటిపండు ఇస్తారు. ఎప్పుడో చెప్పిన అబద్ధం నాకు ఆచారమై కూర్చుంది. దాన్ని కాదంటే మిగతాదంతా చెప్పాలి కాబట్టి, ఆ పండు తెచ్చుకుని గదిలో ఒక్కణ్ణే తింటున్నాను.

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ అమ్మాయి ఫోన్ వచ్చిన వారమే గురుపూజ వచ్చింది. పూజ కాగానే సరోజనను పక్కకు పిలిచి అంతా చెప్పాను. దారిలో చదివి మూసేసిన నాలుగు పేజీలు, కార్డు సంగతి, ఆమె వచ్చిన రోజు నేనన్న అబద్ధం, గోనెసంచులు, అన్నీ.



"మా బాపు సచ్చేదాక ఒకటే అన్నడు సార్," అంది సరోజన. "సారు పెట్టే ఉంటడు, నువ్వే సక్కగ చూడలేదు బిడ్డా అని. నేను నిజంగ చూడలేదేమో అనుకున్న."

ఆమె సంచిలోంచి నోటుబుక్కు తీసింది.

"నాలుగు పేజీలు చదివిన అన్నరు గద. గా నాలుగన్న చెప్పుండ్రి సార్, రాసుకుంట. మా బాపు నోటితోని చెప్పింది ఉన్నది గని, ఆయన గురువు రాత మాకు ఒక్క ముక్క లేదు."

ఆమె చేతిలో పెన్ను ఉంది. నేను కళ్ళు మూసుకుని ఎంత తవ్వినా ఊదారంగు సిరా కనిపించింది. వత్తు లేని 'బ్రమ్మం' కనిపించింది. తప్పులన్నీ గుర్తున్నాయి. ఆయన ఏం రాశాడో ఒక్క వాక్యం కూడా గుర్తులేదు.

"నాకెరుక లేదమ్మా," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎన్నేళ్ళకు వచ్చిందో.

సరోజన పెన్ను మూసింది. అప్పటికి వరస కూర్చుంది. ఆకులు వేసే ఆయన నా దగ్గరికి వచ్చి, అలవాటుగా నన్ను దాటి పోబోయాడు.

"నాకు ఒక్కపొద్దు లేదు," అన్నాను. "ఆ రోజూ లేదు. ఏనాడూ లేదు."

ఆయన సరోజన వైపు చూశాడు. ఆమె నా వైపు చూసింది.

"మాకెరుకే సార్," అంది. "బాపుకు సుత ఎరుకే, ఆ దినమే. ఎరుకుండే పుస్తకం మీ చేతిల ఉంచిండు."